ముప్పై ఏడున్నర

బర్కాల తోట కాడ
డీప్ ఫ్రీజర్ బాగుచేస్తే
పైసలకు బదులు మొఫిజుల్
పదకొండు బాతుగుడ్లు చేతుల పెట్టిండు.
'ఆమ్లెట్ ఏసుకో' అన్నడు.

గుడ్ల మీద ఇంకా బురద ఆరలే,
ఒకదానికి సన్నటి ఈక అతుక్కొని ఉంది.
వ్యాన్ల ఒళ్లె పెట్టుకొని వస్తుంటే
ఎందుకో ఆమ్లెట్ సంగతి మర్చిపోయిన.

చేపల ఐసు మోసిన థర్మకోల్ డబ్బా,
నలభై వాట్ల బల్బు,
పాత కంప్యూటర్ల ఊడదీసిన ఫ్యాను,
కోల్డ్ రూముల పీకేసిన కంట్రోలరు.
దాంట్ల 'కూల్' అని ఉన్నకాడ 'హీట్' అని మార్చిన.
పన్నెండేండ్ల సంది చల్లదనం అమ్ముకొని బతికేటోన్ని,
ఒక్క మీట నొక్కితే కోడినయిన.

బయట నలభై ఎనిమిది.
రూంల ఇరవై రెండు.
గుడ్డుకు కావాల్సింది ముప్పై ఏడున్నర.
అంత వేడి ఉన్న జాగ
ఈ దేశం మొత్తంల
నా మంచం కింద ఒక్కటే ఉండె.

గుడ్డుకు ఒకపక్క ఇంటూ, ఒకపక్క సున్నా, పెన్సిలుతో.
దినానికి ఐదుసార్లు తిప్పాలె.
బేసి లెక్కనే తిప్పాలె,
లేకుంటే ప్రతి రాత్రీ ఒక్క పక్కకే పంటది.
తెల్లారుజాము నాలుగింటికి బేకరీకి పోతపోత లింబాద్రి,
ఏడింటికి నైటు డ్యూటీ దిగొచ్చిన ముత్తెన్న,
తిండికొచ్చిన నేను...
గ్యాసు పైసల కాడ తిట్టుకునేటోళ్లం
గుడ్ల కాడ చార్టు గీసుకున్నం.

ఏడోనాటి రాత్రి లైట్లన్నీ ఆర్పి
గుడ్డు కింద ఫోను వెలుగు పట్టిన.
ఎర్రటి నరాలు, సాలెగూడు లెక్క.
నడిమిట్ల కందిగింజంత చుక్క
కదిలింది.
ఎవ్వరం మాట్లాడలే.
రాజలింగు మాత్రం
మళ్ల ఆ గుడ్డే ఎత్తమన్నడు.
మూడుసార్లు ఎత్తిచ్చిండు.
రెండు ఒట్టి గుడ్లు, గాజు లెక్క తేట.
అవి కూడ ఎవ్వరం వండుకోలే.

క్యాంపు బాస్ వచ్చిననాడు
డబ్బా మీద ఇస్త్రీ బట్టలు పేర్చినం.
'ఏందీ గుర్రుమనే చప్పుడు?'
'ముత్తెన్న గురక, సార్.'
కూసొని బనీను కుట్టుకుంటున్న ముత్తెన్న
దబ్బున ఒరిగి కండ్లు మూసిండు.

ఇరవై ఆరోనాడు
రాత్రి తొమ్మిదింటికి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
ఆరుగురి ఊపిర్లు, కాలిన గోడలు,
పావుగంటల రూము బట్టీ అయింది.
ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.
ఊరందరికి సల్లార్చేటోన్ని
అట్టముక్కతో విసురుకుంట కూసున్న.

'మీదికి' అన్నడు లింబాద్రి.
డబ్బా ఎత్తుకొని మిద్దె ఎక్కినం. మూత తీసిన.
సముద్రం దిక్కుకెల్లి ఆ తడిగాలి,
చెమట ఆరనియ్యని గాలి,
రోజూ అమ్మనాబూతులు తిట్టుకునే గాలి
వచ్చి గుడ్ల మీద కూసుంది.
అంకెలు దిగినయి.
ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది.
ముప్పై ఏడున్నర కాడ ఆగినయి.
లింబాద్రి నెత్తి గోక్కున్నడు:
'అరే, రాత్రే పొదుగుతున్నదిర.'

చుట్టూ చాపలేసుకొని పన్నం.
మూడింటికి, ఇంకా కరెంటు లేదు,
గుడ్డుల నుంచి టిక్ మన్నది,
కంప్రెసర్ల రిలే పడ్డట్టు.
ఏ మిషన్ల ఏది చెడిందో
చప్పుడు విని చెప్పే చెవి నాది.
ఇది చెడిన చప్పుడు కాదు.

ఆరు పిల్లలయినయి.
రెండు గుడ్లు ఉలకలే పలకలే.
ఒకటి పెంకు పలగ్గొట్టి, ముక్కు బయటపెట్టి
ఆన్నే ఆగిపోయింది.
రాజలింగు దాన్ని పాత అంగిల చుట్టుకొని పోయిండు.
యాడ పెట్టిండో అడగలే.

నాలుగోనాడు
పెయింటు బకెటు మూతల
ఏసీ పైపుకెల్లి కారిన నీళ్లు పోసిన.
చెరువు ఎరగదు, కాలువ ఎరగదు,
తల్లి రెక్క ఎట్లుంటదో ఎరగదు.
ఒకటి అంచు కాడ నిలవడి
మెడ సాపి చూసి
దిగింది.
కాళ్లకు ఎవరు చెప్పిండ్రో.
ముత్తెన్న డ్యూటీకి లేటయింది.

శుక్రారం మొఫిజుల్ ఫోను చేసిండు.
ఫ్రీజర్ మళ్ల ఆగిందట.
'ఇంతకు ఆమ్లెట్ ఎట్లుండె?' అన్నడు.

ఈతకొడుతున్నది, అన్న.