కుంటి మెట్టు

ఆత్మకూరు బస్టాండు ఎనుక, బ్యాండు షాపు అరుగు మీద
పట్నం పిల్ల నా నోటి కాడ ఫోను పెట్టి అడిగింది:
"ఈ మెట్టు మీకు యాడికెల్లి వచ్చింది తాతా?"

బరాతు గడప తొక్కేముందు
ఆఖర్న వాయిస్తం దాన్ని.
ఒక సొరం సాగుతది, ఒకటి పుటుక్కున తెగుతది,
సాగుతది, తెగుతది,
చివర్న మూడు దెబ్బలు, సమంగ.

ఇది ఇంగిలీసు ఫిడేలు మెట్టంట.
ఓడల మీద పనోళ్లు చేతులు కట్టుకొని
వట్టి కాళ్లతోటి ఎగిరేటోళ్లంట.
నవ్విన. నేనెరిగిన సముద్రం
జూరాల గేట్లెత్తిన నాటి నీళ్లే.

క్లారినెట్ ఉస్సేనప్పనడిగితే
కాలువ కొలవనొచ్చిన దొర
రాత్రిళ్లు బంగ్లల ఫిడేలు గీకేటోడు,
పంకా గుంజే మా ముత్తాత
గుంజుకుంటనే నేర్సిండు అంటడు.
నారాయణపేట మా మేనత్త
దొర లేడు గిర లేడు,
అది మా గుంతమగ్గం సప్పుడు,
గోడవతల నిలబడి ఎవడో దొంగిలిండు అంటది.
ఇద్దరూ ఒట్టేసే చెప్తరు.

నేను చూసిందే నేను చెప్పిన.
మేస్త్రి ఎంట కట్టపనికి పోయిన కురుమయ్య
మూడో ఏడు ఎడమకాలు బండకిచ్చి వచ్చిండు.
అడ్వాన్సు బాకీ అట్లనే ఉంది.
ఆయన బజార్ల నడుస్తుంటే
ఎనకాల పోరగాండ్లం డబ్బలు కొట్టేది:
దాం... త, దాం... త.
అందరికన్నా ముందు నేనే. తొమ్మిదేండ్లు నాకు.

ఒకనాడు ఆగిండు. తంతడనుకున్నం.
"తప్పు కొడుతున్నవు రా.
మంచికాలు మీద ఇంకొంచెం సేపుంట. చూడు."
బజారు పొడుగూత నడిచి చూపిచ్చిండు,
నా డబ్బ కుదిరేదాంక.
ఇంటి గడప కాడ చేతికట్టె మూడుసార్లు కొట్టిండు.
లోపల గొళ్లెం తీసిన సప్పుడు.

"మరి దొర ఫిడేలు అబద్ధమా తాతా?"
ఏమో బిడ్డా.
ఆ ఓడల మీద గూడ
ఎవడో ఒకడు కుంటుకుంట నడిచే ఉంటడు.
ఎనక ఎవడో డబ్బ కొట్టే ఉంటడు.

పుస్తకంల కర్త అన్న కాడ
చిన్న గీత గీసుకొని పోయింది.

వనపర్తి బస్సు కదిలినంక గూడ
నా వేళ్లు అరుగు మీద ఆగుతలేవు.
ఆ మూడు దెబ్బలు మాత్రం కొట్టలే.
కొడితే, లోపలికెల్లి
ఎవరో ఒకరు తలుపు తియ్యాలె గద.