ఊట లెక్క

ఊటుకూరు. పొద్దున ఏడు గంటల పది నిమిషాలు.
కయ్యలో రెండు ఇనప వలయాలు దిగేశాను,
ఒకదాని కడుపులో ఒకటి,
పైన చెక్క పెట్టి, సుత్తితో, జానెడు లోతుకి.
లోపలి దాంట్లో నీళ్లు పోసి గడియారం చూస్తాను.
బయటి దాంట్లోనూ పోస్తాను గానీ
అవి లెక్కలోకి రావు.
లోపలి నీళ్లు పక్కదారి పట్టకుండా
చుట్టూ నిలబడి ఇంకిపోవడమే వాటి పని.

"అయితే అవి నా బోటివే," అంది చెంచమ్మ
గెనెం మీద గొంతుక్కూచొని.

మొదట బుడగలొచ్చాయి.
నీళ్లు దిగాలంటే లోపలి గాలి లేచి దారివ్వాలి:
పీతబొరియల గాలి, కుళ్లిన వరిదుబ్బుల గాలి.
దానికి నా దగ్గర గొట్టం ఉంది, మూతి బిగించిన సీసా ఉంది,
సీసా మీద తేదీ ఉంది.
"మన్నుకి గూడా ఎక్కిళ్లొస్తాయా అబ్బయా?"

తర్వాత ఏమీ రాలేదు.
అరగంటకి ఒక గీత.
గంటకి రెండు గీతలు కూడా లేవు.
ఉప్పు మింగిన బంకమట్టి
తలుపులన్నీ తనే వేసుకుంటుంది.
కాగితం మీద దీనికి పెద్ద పేరుంది. కయ్యలో చవుడే.

రొయ్యలగుంట కట్ట కాణ్ణించి
పదడుగులకొకటి మట్టికప్పులు పాతి వారమైంది.
లోపలి గాలి లాగేస్తే అవి వేళ్ల మాదిరి
మన్నులోని చెమ్మ పీల్చుకుంటాయి.
ఒక్కో కప్పుకి చారెడు తేటనీళ్లు.
నేను మందు కలపక ముందే
ఆమె వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.
"ఇది చచ్చిపోయింది. ఇదీ అంతే. ఇది బతికే ఉండాది."
ఒక సీసా దగ్గర తప్పు చెప్పింది.
తప్పన్నాను. ఒప్పుకోలేదు.

పసుపు నీళ్లలోకి చుక్కచుక్క వదుల్తూ లెక్కపెడతాను,
రంగు ఇటిక వైపు తిరిగే చుక్క దాకా.
కట్ట పక్క కప్పుకి నలభై రెండు.
దాని తర్వాతదానికి ముప్పై ఐదు.
అరవై అడుగుల కాడ ఇంకా తొమ్మిదే.

ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంది.
"గుంట ఎవరిది?"
"రొయ్యలు నెల్లూరోళ్లవి."
కొంగు చివర ముడి విప్పింది, మళ్లీ వేసింది.
"నేల నాదే. కౌలుకిచ్చా.
మా ఆయన గుండెలో గొట్టం ఆ దుడ్లతోనే ఏయించింది."

రాశాను. గడి చిన్నది, అక్షరాలు ఇరుక్కున్నాయి.

పోయినేటి సీసాల పక్కన ఈయేటివి పెడితే
ఉప్పు నడక ఏడాదికి ఐదు మూరలు.
ఆ మూల మొలగొలుకులు పచ్చగానే ఉన్నాయి ఇంకా.
"అందాకా పోవడానికి ఎన్నాళ్లు?"
"పదకొండేళ్లు. వానలు బాగా పడితే ఇంకొంచెం."

చెంచమ్మ వేళ్లు మడిచి
తన వయసుకి కలుపుకుంది.
"నాకు చాలు," అంది.

వలయాలు పీకి, బురద కడిగి, సైకిలుకి కట్టాను.
కట్ట మీద గాలిచక్రాలు గుంటని చిలుకుతున్నాయి.
వెనక నించి పిలిచింది:
"అబ్బయా, ఇంకోసారి కొలువు."