సుద్ద గుర్తు

మంచం కింది యాపిల్ పెట్టె ఇవతలికి లాగితే
రెండేళ్ల ఇంటర్ ఒక్కసారిగా దగ్గింది.
పోర్టు వైపు గాలి తెచ్చి పోసిన నల్లపొడి
ప్రతి పేజీ అంచుకీ కాటుక పెట్టింది.
తడిగుడ్డతో తుడిస్తే అలుక్కుపోతుంది,
పొడిగుడ్డతో దులిపితే
నా ముక్కులోకి, అమ్మ రుబ్బి పెట్టిన దోశపిండిలోకి.

పరీక్షలకి పంతొమ్మిది రోజులు.
లెక్కల్లో సగం రఫ్ నోట్సులో ఉంది,
రఫ్ నోట్సులో సగం పచారీ చిట్టా.
సమాకలనం మధ్యలో కిలో పామాయిలు,
జవాబు రాకముందే పావుకిలో చింతపండు.
కెమిస్ట్రీ రికార్డుకి పిన్ని పెళ్లిపత్రిక అట్ట:
లోపల లవణాల పరీక్ష, పైన వినాయకుడు.
సంస్కృతం గైడు ఒక్కటే
కొన్ననాటి వాసన పోకుండా ఉంది.

పదిన్నరకి నాన్న డ్యూటీ దిగి వచ్చాడు.
హంప్ యార్డులో పని ఆయనది.
దిబ్బ మీదికి ఇంజను తోసిన గూడ్సుకి కొక్కెం విప్పి వదిలితే
ఏ పెట్టె ఏ లైనులోకి జారాలో
ఇరవై ఏడేళ్లుగా చూస్తున్నాడు.
పదకొండంకెల వ్యాగను నంబరు
టార్చి వెలుగులో ఒక్కసారి చదివితే మరిచిపోడు.
నా హాల్ టికెట్ నంబరు
ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు.

గుమ్మంలోంచే,
"ఏటే గుంటా, ఇది యార్డా, యాక్సిడెంటా?"

బూట్లు విప్పకుండానే గొంతుకూర్చున్నాడు.
"సబ్జెట్టుని బట్టి కాదే,
ఎప్పుడు కదలాలో దాన్ని బట్టి పెట్టు.
రేపే కదలాల్సింది ముందు లైను.
ఆగినా పర్లేనిది ఎనక లైను.
నడవలేనిది సిక్ లైను."
జేబులోంచి సుద్దముక్క తీశాడు.

ఒక్కో కట్టా ఎత్తి చూపిస్తున్నాడు.
"ఇది వచ్చునా?" వచ్చు.
"ఇది?" సగం.
ఫిజిక్సు దగ్గర నేనేం మాట్లాడలేదు.
అట్ట మీద, వ్యాగను మీద రాసినంత పెద్దగా,
సిక్ అని రాసేశాడు.
నా మొహం చూసి,
"సిగ్గేటి? తుక్కని రాయలేదు కదా.
మరమ్మత్తు సేసి పట్టాలెక్కించే దానికే ఈ గుర్తు."

అడుగున నీలం అట్ట లాంగు నోట్సొకటి మిగిలింది.
నాది కాదు.
గుండ్రటి అక్షరాలు, ప్రతి సూత్రం చుట్టూ స్కేలుతో గడి,
కుడిచేతి పైమూల పేజీ నంబరు.
ఢిల్లీశ్వరిది.
మొదటేడాది పరీక్షలు రాయకుండానే
అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కింది.
ఆ ముందురోజు సాయంత్రం ఊర్వశి జంక్షన్లో ఇచ్చింది:
"మీ ఇంట్లో ఉంచు. మా ఇంట్లో వాన ఉంటాది."
ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

నూట పన్నెండో పేజీ చివర
'ఉష్ణగతిక శాస్త్రం, రెండో నియమం:'
రెండు చుక్కలు.
తర్వాతంతా గీతల కాగితం.

నాన్నని అడిగాను,
కాగితాల్లేని బండి యార్డుకొస్తే ఏం చేస్తారని.
"ఎవులిదో తేలీదాకా పక్క లైన్లో ఉంచుతాం."
"తేలకపోతే?"
"ఉంచుతాం" అని లేచి
కాళ్లు కడుక్కోడానికి వెళ్లాడు.

రెండో నియమం నా నోట్సులోనూ లేదు.
ఆ రోజు నేను క్లాసుకి వెళ్లలేదో,
వెళ్లి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నానో.
టెక్స్టుబుక్కులో దొరికింది:
చల్లటి దాన్నుంచి వెచ్చటి దానికి
వేడి తనంతట తాను వెళ్లదు,
బయటినుంచి ఎవరైనా పని చెయ్యాలి.

మూడుసార్లు చదివాను.
స్కేలు పెట్టి గడి గీసి
ఆ రెండు చుక్కల తర్వాత రాశాను.
నా అక్షరాలు గుండ్రంగా రావు, ఏం చెయ్యను.
పేజీ తిప్పి, తను వేసే మూలనే
నూట పదమూడు అని వేశాను.

అమ్మ లైటార్పమంటోంది.
ఢిల్లీశ్వరికి ఆదివారం సెలవు.