చెవిల దాగలి

జుబైల్ల షట్‌డౌన్. నెత్తి మీద వెల్డింగ్.
నిప్పురవ్వొకటి చెవిలకే దిగి
సుయ్యిమన్నది. అంతే.

నెల దాటినంక, సూడాన్ డాక్టరమ్మ
సేమ్యాపోగంత కెమెరాను
రవ్వ జేసిన బెజ్జంల నుంచే లోపటికి తోలింది.
"కదలకు, ఆచారీ."

తెర మీద తడి ఎరుపు. దాంట్ల
బియ్యపుగింజంత తెల్ల ఎముక.
"మత్రఖా" అన్నది. సుత్తె. సైటుల రోజూ వినే మాటే.
"సిందాన్" అంటె తెల్వలే.
పిడికిలితోని అరచేతిల కొట్టి చూపెట్టింది.
దాగలి!

నాయిన దాగలిని, వీసా పైసలకు
పాత ఇనుముల ఏసిన నాడు
ముప్పై ఒక్క కిలో తూగింది.
ఇదేమొ చెవిలనే ఉండె, ఇన్నేండ్లు.

"రెంటికి అతుకు ఊడింది. అందుకే వినవడదు."

అతుకుడు నా పనే గదమ్మా
అనబోయి ఊకున్న.
దవడ కదిలితే తెర ఊగుతది,
కెమెరా ఇంకా లోపటనే ఉన్నది.