మొగిలి ఘాటులో

దొరవేలు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని
నా పాత ఆక్టేవియా మెదడు తెరిచాడు.
ఇరవై ఏళ్ళ కిందట ఏ దేశంలోనో ఎవరో రాసిన లెక్క:
ఇంత గాలికి ఇంత పెట్రోలు,
ఇంతకు మించి వద్దు.

"జాస్తి ఆశపడితే పిస్టన్ కరిగిపోతాదన్నా"
అంటూనే ఒక గడిలో అంకెను రెండు పెంచాడు.

మొగిలి ఘాటు. మూడో గేరు.
టర్బో ఊపిరి పీల్చుకునేంత ఆలస్యం,
అప్పుడు సీటు నా వీపును లాక్కుంది.
తోతాపురి లోడు లారీ అద్దంలో చీమైంది.

నాలుగో మలుపులో, లోపలెవరో గోటితో గీకినట్టు
సన్నగా టకటక.
కాలు తీశాను.

దొరవేలు ఏమీ అనలేదు.
బండి ఆపించి, బోనెట్ మీద అరచెయ్యి పెట్టి
జొరం చూసినట్టు చూసి,
పెంచిన రెండులో ఒకటి
తిరిగి ఇచ్చేశాడు.