గేటుకి ఇవతల

పై ఆఫీసు నుంచి వచ్చిన నమూనా ప్లానులో
ముందు నాలుగు స్తంభాల పోర్టికో,
ఆఫీసరు గదికి రెండు కిటికీలు,
శిలాఫలకానికి ఆరడుగుల గోడ.
బండి ఎటు తిరుగుతుందో మాత్రం
ఎవరూ గీయలేదు.

నేను ఏఈని. గీసిందాన్ని కట్టించడం నా పని.
నగరి ముక్కుకొండ కనబడే ముప్పై సెంట్ల బీడులో
సున్నంతో ముగ్గు పోయించాను.
గోడలన్నీ తెల్లటి గీతలు,
గుమ్మాలన్నీ గీతల మధ్య ఖాళీలు.

సాయంత్రం చెంగల్రాయుడు వచ్చాడు.
ముప్పై రెండేళ్లు పుత్తూరు ఫైరింజన్లో
గొట్టాలు మోసి రిటైరైన మనిషి.
ఎడమచేతికి పుత్తూరు కట్టు,
దగ్గరికొస్తే కోడిగుడ్డు సొన వాసన.
"పడక యాడమ్మా?" అన్నాడు.
చూపించాను.
ఆ గీతల మధ్య, మట్టిలో,
నిజంగానే పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.
"ఇప్పుడు గంట కొట్టు."

గంట లేదు. తాపీతో ఇనుప బొచ్చె మీద కొట్టాను.
లేచాడు.
లేని బూట్లలో కాళ్లు దూర్చి
లేని తలుపు తోసి, లేని వరండా తిరిగి
లేని స్తంభాన్ని భుజంతో గుద్దుకొని
బండి ఉండాల్సిన చోట ఆగి రొప్పుతున్నాడు.
నా ఫోన్లో యాభై ఎనిమిది సెకన్లు.

"ఆ పోర్టికో వచ్చే మినిస్టరుకమ్మా, నాకు గాదు."

సెకన్లదేముంది అన్నాను, తెలియక.
అతను కంపచెట్టు కింద కూర్చొని
చాలాసేపు బీడీ వెలిగించలేదు.
"మగ్గాల షెడ్డు కాలిన నాడు
పద్దెనిమిది నిమిషాల్లో వచ్చేసినాం.
రైలుగేటు ఏసేసినారు.
గూడ్సుబండి. బోగీలు లెక్కబెట్టినా. యాభై తొమ్మిది.
ఒక్కో సందులోంచి ఒక్కో ముక్క పొగ కనబడతా ఉండె."

ఆ రాత్రి ప్లానులో స్తంభాలు చెరిపేశాను.
పడకగదిని షెడ్డు పక్కకి లాగాను.
వరండా పోయింది, తలుపు బయటికి తెరుచుకుంది,
శిలాఫలకం పిట్టగోడ మీదికి ఎక్కింది.
మెమో వచ్చింది: నమూనా మార్చే అధికారం ఎవరిచ్చారు?
మూడుసార్లు జవాబు రాసి చించాను.
నాలుగోసారి, స్థానిక పరిస్థితుల దృష్ట్యా, అని రాశాను.

గోడలకి నీళ్లు కొట్టే మునిలక్ష్మి
ఒకప్పుడు ఆ షెడ్డులో కండెలు చుట్టేదట.
మేస్త్రీ చెప్పాడు, ఆమె చెప్పలేదు.
ఒక మధ్యాహ్నం సంపు అంచున నిలబడి
"ఇది ఎన్ని నీళ్లు పడతాది?" అంది.
యాభై వేల లీటర్లు.
"బిందెల్లో చెప్పు."
వేళ్ల మీద కాదు, ఫోన్లో లెక్కేశాను.
మూడు వేల మూడొందల పైచిలుకు.
ఆమె లోపలికి తొంగి చూసింది,
సిమెంటు ఇంకా తడిగా ఉంది.
"ఆ పొద్దు మేము నలభై పోసింటాము" అని
పైపు తీసుకొని మళ్లీ గోడ దగ్గరికి పోయింది.

వీధి వైపు ఒక కొళాయి పెట్టించాను.
అది ఏ ఎస్టిమేట్లోనూ లేదు.

తొలి ఫోను నిప్పు గురించి కాదు.
ఏకాంబరకుప్పం పక్క నేలబావిలో పడిన ఆవు.
కుర్రాళ్లు ముఖాలు చూసుకున్నారు, ఒకడు నవ్వాడు,
అయినా పరిగెత్తారు.
నలభై ఒక్క సెకన్లకి బండి రోడ్డెక్కింది.
కొత్త సైరనుకి వీధిలో మగ్గాలు ఒక్క క్షణం ఆగి
మళ్లీ టకటకలాడాయి.

ఆవలగా గేటు పడింది.
గూడ్సుబండి ఒకటి తీరిగ్గా పోతోంది.
మన బండికి దాంతో పని లేదు.
కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్న చెంగల్రాయుడు
తల తిప్పి, అలవాటు కొద్దీ,
పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.