పటం మీద పొలుసు

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి
లైబ్రరీ మేడమీద గదిలో
అభిప్రాయ సేకరణ పెట్టాం.
బర్న్‌లీలో వాన పడిందంటే అదొక వార్త కాదు,
అయినా పడింది.
నలభై కుర్చీలు, రెండు ఫ్లాస్కుల టీ.
నచ్చినచోట ఆకుపచ్చ చుక్క,
నచ్చనిచోట ఎర్ర చుక్క అంటించాలి.
వచ్చింది ముగ్గురు.
అందులో ఒకాయన చలి కాచుకోడానికి వచ్చాడు.
బిస్కెట్లు తిని, ఊరికే పోతే బాగుండదని
ఒక ఆకుపచ్చ చుక్క అంటించి వెళ్లాడు.
"హాజరైనవారిలో మూడో వంతు సుముఖం"
అని నివేదికలో రాశాను.
అబద్ధమేం కాదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
అడక్కుండా పెట్టేది కౌన్సిల్ ఒక్కటే:
బజారు పొడుగునా బూడిదరంగు రాతి పలకలు,
కుండీల్లో లావెండరు,
అన్ని కొట్లకీ ఒకే రకం బోర్డు.

మెట్లు దిగి వస్తుంటే
చేపల కొట్టు మూరియల్ క్లెగ్ గడపలోంచి కేకేసింది:
"రెండింటికి పెడితే ఎవరొస్తారమ్మాయ్?
రెండింటికి మేం కొట్లో ఉంటాం."
ఇంత చిన్న మాట
నాలుగేళ్ల ప్లానింగు చదువులో
ఎక్కడా తగల్లేదు నాకు.

మర్నాడు చీకటుండగానే
పటం చుట్ట చంకలో పెట్టుకుని వెళ్లాను.
ఐసు మీద, మాకెరెల్ పక్కన పరిచాను.
మూరియల్ తడి వేలితో ఒక గీత గీసింది.
"వాన నీళ్లు ఇలా దిగుతాయి.
నీ పూలకుండీ సరిగ్గా వాటి గొంతు మీద కూచుంది."
ఎదురు కొట్టు గజన్‌ఫర్ కత్తి తుడుచుకుంటూ వచ్చాడు.
మాంసం లారీ తిరగాల్సిన మలుపు
కాగితం మీద ఉంది గానీ
అది లారీ పట్టేంత లేదన్నాడు.
బస్సు కోసం నిలబడ్డ ముసలామె తొంగిచూసి
బెంచీ ఈ చివరా ఆ చివరా ఎందుకంది.
"సగం ఎత్తు ఎక్కాక కదా
మోకాలు అడిగేది!"

తాళంచెవులు కోసే డెస్మండ్ ఏమీ అనలేదు.
చాలాసేపు చూశాడు.
కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూశాడు.
"నా కొట్టేదీ?"

అక్కడ చెట్టు బొమ్మ ఉంది.
నేనే గీశాను.
నీడ కూడా బాగా కుదిరిందని
ఆఫీసులో ఇద్దరికి చూపించుకున్నాను.

ఆ ప్రశ్నకి సరిపడే రంగు చుక్క
నా దగ్గర లేదు.

ఆఫీసు బల్ల మీద పటం విప్పితే
మా పైఅధికారి కిటికీ తెరిచాడు.
"శుభ్రమైన ప్రతి లేదా?"
"ఇదే అసలుదండీ," అన్నాను.

కుండీ రెండు గజాలు జరిగింది.
ఎత్తు మధ్యలో బెంచీ వచ్చింది.
లారీకి సగం మలుపు దొరికింది,
మిగతా సగానికి గజన్‌ఫర్ ఇంకా తిడుతున్నాడు.
డెస్మండ్‌కి మాత్రం
"తదుపరి దశలో పరిశీలిస్తాము" అని ఉత్తరం.
సంతకం నాది.
దాన్ని అతను చెవులు వేలాడే మేకుకి గుచ్చాడు,
ఎవరిదో మర్చిపోయిన చెవి పక్కన.

చెట్టు బొమ్మ మీద
చేప పొలుసొకటి ఎండి అతుక్కుపోయింది.
గోటితో గీకి చూశాను.
కాగితం లేచొస్తోంది.